జాగ్రత్త! బరువు తగ్గిస్తామని నా ఎత్తు తగ్గించారు

నిన్న మధ్యాహ్నం జరిగింది. కోపం ఇంకా దిగలేదు, పొద్దున చూసుకుంటే బీపీ 168. కాబట్టి వరస తప్పితే మీరే సర్దుకుని చదవండి. అరవై దాటి, మోకాళ్ళు పట్టేసి, బరువు తగ్గే ఆపరేషన్ గురించి ఫోన్లో వెతుకుతున్నవాళ్ళు ఎవరైనా ఉంటే డబ్బు కట్టే ముందు ఇది చదవండి.

ఆ సెంటర్ పేరు రాయను. పరువు నష్టం అంటూ మీద పడతారని మా అబ్బాయి భయం. ఫోన్లో ఒక్కసారి 'బరువు' అని కొడితే నెల రోజులు వెంటపడతారు కదా, ఆ బాపతే. అద్దాల బిల్డింగు, సోఫాలు, గోడ నిండా 'ముందు - తర్వాత' ఫోటోలు.

నాకు 63. జిల్లా పరిషత్ హైస్కూల్లో 33 ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరయ్యాను. 89 కిలోలు. షుగరు, బీపీ ఉన్నాయి, రెండు మోకాళ్ళూ అరిగాయి. మోకాలు మార్చే ముందు బరువు తగ్గించుకుంటే మంచిదమ్మా అని ఎముకల డాక్టరు అన్నాడు. కూకట్‌పల్లిలో మా కాలనీ పార్కు చుట్టూ తిరిగాను, అన్నం మానేసి జొన్నరొట్టెలు తిన్నాను, రాగిజావ తాగాను. 4 కిలోలు తగ్గి 5 పెరిగాను. అంతే కథ.

మూడు వారాల కిందట మొదటిసారి వెళ్ళినప్పుడు ఆ కౌన్సెలర్ అమ్మాయి టేబుల్ అవతల కూర్చోలేదు. వచ్చి నా పక్కన సోఫాలో కూర్చుంది, చేయి పట్టుకుంది. కొబ్బరినీళ్ళు తెప్పించింది. "ఈ వయసులో ఇదంతా అవసరమా తల్లీ" అని నేనే అన్నాను. "వయసు ఒక నంబరే కదా ఆంటీ! మీరు మనవరాలితో పరిగెత్తాలి" అంది. ఎంత సంతోషమేసిందో! ఇంట్లో అందరూ 'ఇప్పుడెందుకు, కృష్ణా రామా అనుకో' అనేవాళ్ళే కదా. ఒక్క మాటకి పడిపోయాను. నంబర్లతో బతికినదాన్ని నంబరు మాటకే పడిపోవడం చూడండి.

ఆపరేషన్ గురించి అడిగితే "చిన్న రంధ్రాలే ఆంటీ, మూడో రోజు ఇంటికి" అంది. బరువు తగ్గించే ఇంజెక్షన్ల సంగతి అడిగితే "అవి మానేస్తే మళ్ళీ పెరుగుతారు, దండగ" అంది. ఇన్సూరెన్స్ వస్తుందా అంటే "అది మా వాళ్ళు చూసుకుంటారు, మీరు సంతకం పెడితే చాలు" అంది. పెట్టాను. ఖాళీ ఫారం మీద! పదో తరగతి నామినల్ రోల్స్ వచ్చిన ప్రతి ఏడూ 'చదివి సంతకం పెట్టండర్రా' అని పిల్లల మీద అరిచినదాన్ని. ఫోన్‌తో క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి 60,000 అడ్వాన్సు కట్టాను. అడ్మిషన్ లోపు వద్దనుకుంటే వెనక్కి ఇచ్చేస్తాం అంది. నోటితోనే అంది లెండి. డాక్టరు నన్ను చూసింది నాలుగు నిమిషాలు. బరువు చూసింది చెప్పులతో, చేతిసంచితో. 91 వచ్చింది. "పర్లేదు ఆంటీ" అన్నారు. వాళ్ళకి పర్లేదు మరి.

మా ఆడపడుచు ఊరుకోలేదు. నల్లకుంటలో తనకి తెలిసిన సర్జన్ ఉన్నాడని లాక్కెళ్ళింది. ఆయన ఫీజు 500, కూర్చోబెట్టింది అరగంట. వయసు ఎక్కువైందని ఎవరూ ఆపరేషన్ ఆపక్కర్లేదమ్మా, ఇన్నేళ్ళు దాటితే కూడదనే గీత లేదు, వయసు కంటే ఒంట్లో సత్తువ చూడాలి అన్నాడు. వీళ్ళు నాకు చేస్తామన్నది స్లీవ్ అట. అంటే జీర్ణాశయంలో ముప్పాతిక భాగం పైనే కోసి తీసేస్తారు. తీసింది మళ్ళీ పెట్టడం ఉండదు. ఆ తర్వాత బతికున్నన్నాళ్ళూ విటమిన్లు వాడాలి. బి12, ఐరన్, కాల్షియం, విటమిన్ డి, మధ్యమధ్యలో రక్తపరీక్షలు. ఈ వయసులో కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది కాబట్టి ప్రోటీన్ తినాలి, వ్యాయామం చెయ్యాలి, ఎముకల గట్టిదనం ముందే చూసుకోవాలి. "మీకు పులితేన్పులు, గుండెల్లో మంట ఉన్నాయా?" అని అడిగాడు. ఇరవై ఏళ్ళుగా ఉన్నాయి. స్లీవ్ తర్వాత అవి ఎక్కువయ్యే అవకాశం ఉందట, అందుకే ముందు ఎండోస్కోపీ చేసి చూడాలట. సెంటర్లో ఒక్కరు అడిగితే ఒట్టు.

తర్వాత "చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవండి" అన్నాడు. మూడోసారికి లేచాను. మూడు నెలలు ఫిజియోథెరపీ చేసి రండి, అప్పుడు ఆపరేషన్ సంగతి మాట్లాడుకుందాం అన్నాడు. అయ్యో వద్దని భయపెట్టలేదు, రేపే అని తొందరపెట్టనూ లేదు.

ఫైలు తిరగేస్తూ ఆయనే అడిగాడు, "అమ్మా, మీ ఎత్తు 148 ఆ?" అని. ఇన్సూరెన్స్ ఫారం జిరాక్సు పొరపాటున నా ఫైల్లోనే పెట్టి ఇచ్చారు మహానుభావులు. తప్పు పడిందేమో అని నవ్వేశాను.

ఇంటికొచ్చాక నవ్వు ఆగిపోయింది. మా వంటింటి గుమ్మం చెక్క మీద పిల్లల ఎత్తులు పెన్సిల్‌తో గీసిన గీతలు ఇంకా ఉన్నాయి. అక్కడే మడమలు ఆనించి నిలబడ్డాను. నా పాత చెక్క మూలమట్టం తల మీద పెట్టి మా ఆయన గీత గీశారు. టేపు పెట్టి రెండుసార్లు చూశాం. 156.

ఇక కాగితం తీసుకుని కూర్చున్నాను. బీఎంఐ అంటే హైస్కూలు పిల్లలు చేసే లెక్క, బరువుని మీటర్లలో ఎత్తు వర్గంతో భాగించడమే. 89 కిలోలు, 1.56 మీటర్లు, జవాబు 36.6. ఫారంలో 91 కిలోలు, 1.48 మీటర్లు, జవాబు 41.5. ఎందుకు మార్చారో అప్పుడు పాలసీ పుస్తకం తీశాను. మినహాయింపుల్లో 06 నంబరు, ఊబకాయం. ఆపరేషన్‌కి డబ్బు రావాలంటే బీఎంఐ 40 ఉండాలి, లేదా 35 ఉండి దానితో పాటు గుండె జబ్బో, తీవ్రమైన స్లీప్ ఆప్నియానో (నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బు), అదుపులో లేని షుగరో ఉండాలి, మామూలు పద్ధతుల్లో బరువు తగ్గక విఫలమై ఉండాలి. నా షుగరు అదుపులోనే ఉంది, మూడు నెలల సగటు 6.8. గుండె బానే ఉంది. అంటే నాకు రాదు. వచ్చేట్టు చెయ్యాలంటే 40 దాటించాలి. జవాబు ముందు రాసుకుని లెక్క వెనక్కి చేసే పిల్లల్ని ఎంతమందిని పట్టుకున్నానో! నా దగ్గరే చేశారు.

ఆ ఫారం కింద ఉన్నది నా సంతకం. దొరికితే దొంగని నేనే. క్లెయిమ్ సంగతి దేవుడెరుగు, మోసం అని తేలితే ఎన్నేళ్ళ పాలసీ అయినా రద్దు చెయ్యొచ్చు. 11 ఏళ్ళుగా కడుతున్నాం.

నిన్న అందుకే వెళ్ళాం, నేనూ మా ఆయనా. ఆపరేషన్ వద్దు, అడ్వాన్సు ఇచ్చెయ్యండి, ఆ ఫారం వెనక్కి తీసుకోండి అని చెప్పడానికి. ముప్పావు గంట కూర్చోబెట్టారు. కొబ్బరినీళ్ళు లేవు. ఆ అమ్మాయి ఈసారి కౌంటర్ అవతలే నిలబడింది. "చెప్పండి మేడమ్" అంది. ఆంటీ కాస్తా మేడమ్ అయ్యేసరికే నాకు అర్థం కావాల్సింది. రసీదు చూడండి అంది. చూశాను. 60,000 దేనికి అని ఉందో తెలుసా? 'న్యూట్రిషన్ కౌన్సెలింగ్ సేవలు.' ఆ సేవ అయిపోయిందట! ఎవరో పిల్ల వచ్చి పది నిమిషాలు 'అన్నం తగ్గించండి ఆంటీ' అని చెప్పిందే, అదట. కింద చీమ తలకాయంత అక్షరాల్లో, తిరిగి ఇవ్వబడదు, 6 నెలల్లోగా కుటుంబ సభ్యులకు బదిలీ చేసుకోవచ్చు అని ఉంది. మా ఆయన 54 కిలోలు. వేపపుల్లలా ఉంటారు. ఆయన పొట్ట కోయించమంటారా?

గొంతు పెంచేసరికి లోపలినుంచి మేనేజరు వచ్చాడు. ముప్పై ఏళ్ళుంటాయేమో. ఫారం చూపించి నెమ్మదిగానే అన్నాను, "బాబూ, నా ఎత్తు 156. మీరు 148 వేశారు. ఎవరు కొలిచారు, ఎప్పుడు కొలిచారు?" అని. ఫోన్లోంచి తల ఎత్తకుండా ఏమన్నాడో వినండి.

"వయసు మీద పడితే ఎత్తు తగ్గుతారు కదా ఆంటీ."

ఆ అమ్మాయి నోటికి చేయి అడ్డం పెట్టుకుని నవ్వింది. వయసు ఒక నంబరే అన్న అమ్మాయే. సోఫాల్లో ఏడెనిమిది మంది ఉన్నారు, అందరూ నా వైపే చూస్తున్నారు. మా ఆయనకి చెవులు సరిగ్గా వినపడవు. "ఏమంటున్నాడు? ఇస్తాడటనా?" అని అడిగారు. నేను చెప్పలేదు. మళ్ళీ అడిగారు. అప్పుడు ఆ మాటని నా నోటితో నేనే, ఆయనకి వినపడేట్టు, గట్టిగా చెప్పాల్సి వచ్చింది. "నేను ముసలిదాన్నయ్యి కుంచించుకుపోయానట" అని.

ఆయనేం మాట్లాడలేదు. నా చేతిసంచి తీసుకుని "పద" అన్నారు.

33 ఏళ్ళు క్లాసులో ఒకరి చేత మాట పడలేదు. అక్కడ నోరు పెగల్లేదు. కింద మెట్ల మీద కూర్చుంటే ఆటో ఆయన "ఏమైందమ్మా, గట్ల కూసున్నరు, నీళ్ళు తాగుతరా" అని తన బాటిల్ ఇచ్చాడు. రాత్రి రెండింటికి పడుకుని జవాబులు తయారు చేసుకున్నాను. వయసుకి ఎత్తు తగ్గేమాట నిజమే బాబూ, కానీ సంతకం పెట్టిన పూటే 8 సెంటీమీటర్లు తగ్గదు, అలా తగ్గితే నాకు కావాల్సింది స్లీవ్ కాదు, ఎముకల డాక్టరు అని. ఇప్పుడు ఎవరికి చెప్పను?

ఇందాకే మా అబ్బాయి చేత పాలసీ వాళ్ళకి మెయిల్ పెట్టించాను, ఆ ఫారంలో ఎత్తూ బరువూ నావి కావు, దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు అని. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకున్నాను. వాళ్ళతో తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. నా రికార్డులన్నీ ఇవ్వమని సెంటర్‌కి రాతపూర్వకంగా ఇస్తున్నాను. అడిగిన 72 గంటల్లో డాక్టర్లు రికార్డులు ఇవ్వాలని మెడికల్ కౌన్సిల్ నియమాల్లోనే ఉంది.

మీకు చెప్పేదేముంది, ఇంట్లో ఎత్తు కొలుచుకుని వెళ్ళండి, చెప్పులు విప్పి బరువు తూగండి. ఖాళీ ఫారం మీద సంతకం పెట్టకండి. డబ్బు కట్టగానే రసీదులో దేనికని రాశారో అక్కడే నిలబడి చదవండి, కళ్ళజోడు మర్చిపోతే కట్టకండి. నేను మర్చిపోయాను. ఇంకో సర్జన్‌కి చూపించకుండా అడ్వాన్సు అసలు వద్దు. ఇలాంటి రసీదే ఇంకెవరి దగ్గరైనా ఉంటే నాకు చెప్పండి, కలిసి వెళ్దాం. సోమవారం పొద్దున్నే మళ్ళీ వెళ్తున్నాను. ఈసారి టేపు, మూలమట్టం కూడా సంచిలో పెట్టాను.