ఇంటి ఆర్కేడ్ పెట్టెకు శాన్వా జాయ్‌స్టిక్

ఇంట్లో కట్టించుకున్న ఆర్కేడ్ పెట్టెకు (పార్లర్లలో నిలబడి ఆడే వీడియో గేమ్ యంత్రం లాంటిది) జపాన్ సంస్థ శాన్వా తయారుచేసే జేఎల్‌ఎఫ్ జాయ్‌స్టిక్‌నూ, 30 మిల్లీమీటర్ల బటన్లనూ అమర్చాను. పిడిని పక్కకు తోయగానే లోపలి మైక్రోస్విచ్ టిక్కుమనడం, వదలగానే అది నడిమికి చేరడం వింటూ చూస్తూ ఉంటే చిన్ననాటి వీడియో గేమ్ పార్లర్ కళ్ళకు కడుతుంది. 1980లో నామ్‌కో విడుదల చేసిన ప్యాక్‌మ్యాన్‌కు నాలుగు దిక్కులే చాలు. ఎనిమిది దిక్కుల అమరికలో మలుపుల దగ్గర పిడి మూలకు జారి దారి తప్పుతుంది కాబట్టి, పిడి కదిలే దిక్కులకు హద్దు పెట్టే, అడుగునున్న ప్లాస్టిక్ పలకను తిప్పి అమరిక మార్చుకునే వీలుండడం నాకెంతో నచ్చింది.

అయితే ఇలా రంధ్రంలోకి నొక్కి క్లిప్పులతో బిగించే బటన్లు పలుచని పలకలకే సరిపోతాయని దుకాణదారు చెప్పలేదు. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌లో వాటి క్లిప్పులు పట్టుకోకపోవడంతో, వడ్రంగి చేత రంధ్రాల వెనకవైపు చెక్కను పలుచగా చెక్కించవలసి వచ్చింది. చెక్కపనికి ముందే బటన్లు తెప్పించుకుని కొలిచి చూసుకోండి.