పోర్ట్ బ్లెయిర్‌లో నాలుగు నెలలు: అద్దె కారు ముంచింది, పాత ఆల్టో తేల్చింది

మా అల్లుడికి పోర్ట్ బ్లెయిర్ బదిలీ అయింది, అమ్మాయికి నెలలు నిండుతున్నాయి, అందుకని నవంబరు ఒకటిన మేమిద్దరం విజయనగరం నుంచి బయల్దేరి మార్చి మొదటి వారం దాకా అక్కడే ఉన్నాం. 2024 సెప్టెంబరులో ఊరి పేరు శ్రీ విజయపురం అని మార్చారు కానీ ఆటోవాడి దగ్గర్నుంచి మందుల షాపు దాకా అందరూ పోర్ట్ బ్లెయిర్ అనే అంటున్నారు, నేనూ అలాగే రాస్తాను. మనవరాలు పుట్టింది, అంతా బాగానే ఉంది. ఇది రాస్తున్నది మాత్రం కారు గురించి, ఎందుకంటే మొదటి ఇరవై రోజుల్లో 32,500 రూపాయలు పోగొట్టుకున్న మంట ఇంకా చల్లారలేదు.

వాళ్ళ ఇల్లు గారచర్మలో. అక్కణ్ణుంచి అబర్డీన్ బజారుకు బస్సులున్నాయి, చవకే, కానీ నిండు గర్భిణిని తీసుకుని నిలబడి వెళ్ళలేం కదా. ఆటోలకు మీటరు మాట ఎత్తకూడదు, వెళ్ళేటప్పుడు 150, అదే దూరం సాయంత్రం వచ్చేటప్పుడు 250. టాక్సీలో వండూరు బీచికి వెళ్ళి రావడానికి 2,000 అడిగారు. నాలుగు నెలలు ఇలా అయితే పింఛను మొత్తం ఇక్కడే సముద్రంలో కలుస్తుందని మా ఆయన మొదట్లోనే మొహం ముడుచుకున్నారు.

అప్పుడు దొరికాడు ఆ అద్దె కార్ల మనిషి. రోజుకు 1,300, నెల మాట్లాడుకుంటే ఇంకా తగ్గిస్తానన్నాడు (తగ్గించలేదు), అడ్వాన్సు 10,000. కారు తెచ్చి ఇంటి ముందు పెట్టాడు, చక్కగా కడిగి, లోపల అగరొత్తి వాసనతో. నంబరు ప్లేటు తెల్లది. సొంతంగా నడుపుకోమని అద్దెకిచ్చే కారుకు నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలుండాలి, తెల్ల ప్లేటు కారును అద్దెకు తిప్పకూడదు, రేపు ఏదైనా జరిగితే ఇన్సూరెన్సు వాళ్ళు చేతులెత్తేస్తారు. ఈ సంగతి మాకు తర్వాత తెలిసింది. ఆ రోజు తాళం చేతికిస్తూ అతను ‘పోలీసులు అడిగితే బంధువుల కారని చెప్పండి అంకుల్’ అన్నప్పుడే అర్థం కావాల్సింది. మా ఆయన ముప్పై నాలుగేళ్ళు బడిలో లెక్కలు చెప్పిన మనిషి, ఆ మాటకు రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. ఎక్కడ టోపీ కనబడినా బండి నెమ్మదించేసేవారు, దాంతో వెనక నుంచి హారన్లు, ఆ టెన్షన్ అంతా నా మీద.

అసలు మోసం తిరిగిచ్చేటప్పుడు బయటపడింది. ఇరవయ్యో రోజు వచ్చాడు, పలకరింపు లేదు, ఫోను టార్చి వేసి బండి కిందకి దూరాడు. అయిదు నిమిషాల తర్వాత లేచి, ‘కింద గీసుకుపోయింది, తుప్పు పట్టేసింది, బీచి ఇసకలోకి తీసుకెళ్ళారు’ అని 6,500 కోశాడు. ఇరవై రోజుల్లో అంత తుప్పు పడుతుందా? మా కాళ్ళ దగ్గర చాప ఎత్తి చూస్తే రేకు పొరలు పొరలుగా లేస్తోంది, ఒకచోట రూపాయి బిళ్ళంత చిల్లులోంచి కింద నేల కనబడుతోంది. అది ఏళ్ళ నాటి జబ్బు. కానీ కారు తీసుకున్న రోజు మేం ఫొటోలు తీసింది తలుపులకూ బంపర్లకూ, కింద ఎవరు తీస్తారు? మీరు తీయండి. ద్వీపంలో ఉప్పుగాలికి కారు కిందనుంచి చస్తుంది, పైన గీతలు ఎవరూ పట్టించుకోరు. చాపలెత్తి, స్టెప్నీ తీసి, టైర్ల వెనక వంపులు అన్నీ వీడియో తీసుకుని అతనికి అప్పటికప్పుడే పంపండి. అద్దె 26,000, కోత 6,500. ఆ రాత్రి మా ఆయన నాతో కూడా మాట్లాడలేదు.

తర్వాత వారం బస్సులూ ఆటోలూ. ఆ వారంలోనే జంగ్లీఘాట్‌లో ఒక మెకానిక్కు తగిలాడు, మాట వినగానే శ్రీకాకుళం అని తెలిసిపోయింది. అక్కడ మనవాళ్ళు, ముఖ్యంగా ఉత్తరాంధ్ర వాళ్ళు చాలామంది, తాతల కాలంలో వచ్చి స్థిరపడ్డవాళ్ళు. అద్దె మాటెత్తగానే, ‘నాలుగు నెల్లకి అద్దేటమ్మా, పాత బండి కొనుక్కోండి, ఎల్లినప్పుడు అమ్మీండి’ అన్నాడు. మాకు తట్టని ఆలోచన.

అతనితో కలిసి మూడు కార్లు చూశాం. రెండోది మా ఆయనకు తెగ నచ్చింది, ఎర్రగా మెరిసిపోతోంది. మెకానిక్కు ఇంజను జోలికే పోలేదు. స్క్రూడ్రైవరు తిరగేసి పిడితో తలుపు కింది గుమ్మం పొడుగునా కొట్టుకుంటూ వెళ్ళాడు, టంగ్ టంగ్ మని వచ్చే చప్పుడు ఒకచోట దబ్ మంది. అక్కడ గోటితో గీకితే పుట్టీ రాలింది. ‘ఇంత రంగు కొట్టారంటే లోపలేదో ఉన్నాదనే’ అన్నాడు. మూడోది 2012 ఆల్టో, బూడిద రంగు, చూడ్డానికి ఏమీ బాగుండదు, ఎడమకు తిప్పితే హారన్ దానంతటదే మోగుతుంది, కానీ చప్పుడంతా టంగే. 1,35,000కు తీసుకున్నాం.

పేరు మార్పిడికి స్థానిక చిరునామా కావాలి, అల్లుడి పేరు మీద పెట్టాం కాబట్టి ఇబ్బంది లేదు. అక్కడ మనవాళ్ళెవరూ లేనివాళ్ళకు ఈ దారి పనికిరాదు, నల్ల ప్లేటు కారే వెతుక్కోండి. కాగితాలకు అన్నీ కలిపి 1,150, థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు 2,471, బ్యాటరీ, రెండు టైర్లు, బ్రేకు షూలు కలిపి 13,500.

ఇక పెట్రోలు. బంకులో మీటరు చూసి మా ఆయన మొహం వెలిగిపోయింది, లీటరు 82 రూపాయల చిల్లర. అండమాన్‌లో వ్యాట్ ఒక్క శాతమే. మన దగ్గర 31 శాతం, దాని మీద లీటరుకు 4 రూపాయలు, ఆపైన రోడ్డు సెస్సు ఇంకో రూపాయి. ఆయన ఈ లెక్క కనబడిన తెలుగువాళ్ళందరికీ చెప్పారు, అడక్కపోయినా.

వంద రోజుల్లో 2,600 కిలోమీటర్లు తిరిగాం. వండూరు, కార్బిన్స్ కోవ్, చిడియా టాపు అన్నీ హాయిగా అయిపోయాయి. చిడియా టాపులో సూర్యాస్తమయం చూడాలంటే నాలుగున్నరకల్లా అక్కడుండాలి, శీతాకాలంలో అయిదు దాటితే చీకటే, తిరుగు దారంతా మలుపులు. ఛాతం నుంచి బంబూఫ్లాట్‌కు కార్లు ఎక్కించుకునే పడవ ఉంది, మౌంట్ హ్యారియట్ వెళ్ళాలంటే రోడ్డున చుట్టు తిరిగితే యాభై కిలోమీటర్ల పైన, పడవ దాటితే పదిహేను. బల్లకట్టు మీదికి కారెక్కించేటప్పుడు హారన్ మోగి ముందున్న మేక బెదిరి పరిగెత్తింది, మా అమ్మాయి నవ్వి నవ్వి పొట్ట పట్టుకుంటే మాకు భయమేసింది. హేవ్‌లాక్ ద్వీపానికి కారెందుకు, ఇంట్లో వదిలేసి వెళ్ళాం, అక్కడ స్కూటీ రోజుకు 500.

బారాటాంగ్ ఒక్కటే కష్టం. జార్వా ఆదివాసుల అడవి గుండా పోవాలి, జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దగ్గర అందరి వివరాలు రాసిచ్చి, కాన్వాయ్‌లో వరసగా వెళ్ళాలి, దాదాపు 49 కిలోమీటర్లు ఆపకూడదు, ముందు బండిని దాటెయ్యకూడదు, ఫొటో తియ్యకూడదు. ఆ మనుషుల్ని జూలో చూసినట్టు చూడ్డానికి ఎగబడే టూరిస్టుల్ని చూస్తే ఒళ్ళు మండింది, ఈ నిబంధనలు ఉండాల్సిందే. ఆరు గంటల కాన్వాయ్ కోసం మూడున్నరకే లేచాం. దారిలో ఆగకూడదు కాబట్టి పాత బండి అక్కడ మొరాయిస్తుందేమోనని మా ఆయన ఆంజనేయ దండకం మొదలుపెట్టారు, మిడిల్ స్ట్రెయిట్ రేవు వచ్చేదాకా ఆపలేదు. సున్నపురాయి గుహలు బాగున్నాయి.

పెట్రోలు మొత్తం 13,400 అయింది. ఆల్టోను డిగ్లీపూర్‌లో పనిచేసే ఒక మాస్టారికి 1,22,000కు అమ్మాం. అమ్మకంలో తగ్గిన 13,000 కూడా కలిపితే మొత్తం ఖర్చు 43,521, అంటే రోజుకు 435. అద్దె మనిషికి పెట్రోలు కాకుండానే రోజుకు 1,625 పడింది. 1,25,000 వచ్చేదనీ నేనే తొందరపడి ఒప్పుకున్నాననీ ఈయన ఇప్పటికీ అంటారు.

కొనేటప్పుడు ఆ మాస్టారు కూడా టార్చి తెచ్చుకున్నాడు. మా ఆయనే పక్కన చాప పరిచి, ఎక్కడెక్కడ చూడాలో చూపించి, టార్చి పట్టుకున్నారు. మర్నాడు మాయాబందర్ దాటానని ఫోన్ వచ్చింది, సంతోషించాం. పెట్టేశాక గాని ఈయనకు హారన్ సంగతి చెప్పలేదని గుర్తు రాలేదు, మళ్ళీ ఫోన్ చేశారు. ‘తెలిసింది సార్’ అన్నాడట.