డార్త్ వేడర్ బొమ్మలు: పాత కెన్నరా, కొత్త బ్లాక్ సిరీసా?

స్టార్ వార్స్ సినిమాల్లో విలన్ డార్త్ వేడర్. 1978లో కెన్నర్ అనే బొమ్మల సంస్థ 3.75 అంగుళాల శ్రేణిలో తెచ్చిన వేడర్ బొమ్మకు మెడ, భుజాలు, తుంటి తప్ప మరేవీ కదలవు. అయినా కుడి చేతిలోంచి ముందుకు జారే ఎర్రని లైట్‌సేబర్ (సినిమాలోని కాంతి కత్తి) దానికొక ప్రత్యేకత. ఆ కత్తిలోంచి మరో సన్నని కొన బయటికి వచ్చే తొలి రకం చాలా అరుదు కాబట్టి, దానికి నకిలీలు కూడా పుట్టుకొచ్చాయి. కొనేముందు కత్తిని, వినైల్ ప్లాస్టిక్ కేప్‌ను (భుజాల నుంచి వేలాడే పైవస్త్రాన్ని) నిశితంగా పరిశీలించక తప్పదు.

2013లో బొమ్మల సంస్థ హాస్‌బ్రో ప్రారంభించిన 6 అంగుళాల బ్లాక్ సిరీస్‌లో ఈ బెడద తక్కువ. మోచేతులు, మోకాళ్లు కూడా వంగుతాయి, కేప్ గుడ్డతో ఉంటుంది, కొన్నింటికి హెల్మెట్ తీస్తే మచ్చలు పడిన ముఖం కనిపిస్తుంది. అల్మారాలో నిలబెట్టి చూసుకోవడానికి ఇదే మేలు. అయితే సేకరణకు ఒక్కటే ఎంచుకోవలసి వస్తే, కత్తి పోయినదైనా సరే, నా ఓటు అసలైన కెన్నర్‌కే.