ఒకే నాకౌట్, రెండు దేశాలు
రెండు ప్రపంచ యుద్ధాల మధ్య, 1933 దాకా, జర్మనీ ఫుట్‌బాల్ ఛాంపియన్‌ను తేల్చింది నాకౌట్ పోటీయే. ఇంగ్లాండులో ఆ హోదా లీగ్‌ది, ఎఫ్ఏ కప్ అనే నాకౌట్ పోటీ వేరు. కప్పులో ఓడిన జట్టుకు అక్కడ లీగ్ మిగిలేది. జర్మనీలో ఒక్క ఓటమితో టైటిల్ ఆశ గల్లంతు. ఉత్కంఠకైతే నా ఓటు జర్మనీకే.

1922 ఫైనల్ చూడండి. బెర్లిన్‌లో హాంబర్గ్, నూరెంబర్గ్ 189 నిమిషాలు ఆడినా 2-2. చీకటి పడి ఆపేశారు. లైప్‌జిగ్‌లో మళ్లీ ఆడితే 1-1. నూరెంబర్గ్‌కు ఏడుగురే మిగలడంతో రిఫరీ ఆట నిలిపేశాడు. విజేతగా ప్రకటించినా చివరకు హాంబర్గ్ టైటిల్ వద్దనుకుంది. స్కోరు సమమైతే పెనాల్టీ కిక్‌లతో విజేతను తేల్చే షూటౌట్ లేని రోజులు మరి!

1923లో లండన్‌లోని వెంబ్లీ స్టేడియంలో జరిగిన ఎఫ్ఏ కప్ ఫైనల్‌ది వేరే తంటా. లెక్కకు వచ్చినవారే 1,26,047 మంది. జనం మైదానంలోకి పొంగారు. తెల్ల గుర్రంపై వచ్చిన పోలీసు ఆ జనాన్ని వెనక్కి జరిపాకే ఆట మొదలై, బోల్టన్ 2-0తో వెస్ట్‌హామ్‌ను ఓడించింది.