స్ప్లెండర్‌కు సొంత క్యారియర్: నాలుగేళ్ల తరువాత

కొలతలు నేనే తీసి, పైపులు నేనే కోసి, వెల్డింగు మాత్రం షాపులో పెట్టించిన క్యారియర్ నాలుగేళ్లకు పైగా నా స్ప్లెండర్ ప్లస్ వెనక ఉంది. వంగలేదు. ఒక చోట చిట్లింది, బాగుచేశాం. బరువు మోయడంలో దానికి పూర్తి మార్కులు వేస్తాను. తుప్పు విషయంలో మాత్రం సముద్రం దగ్గర ఉండేవాళ్లు రెండుసార్లు ఆలోచించుకోవాలి.

ముందు మోసే సరుకు ఏమిటో చెప్పాలి, ఎందుకంటే క్యారియర్ రూపం దాన్ని బట్టే వచ్చింది. మాది మచిలీపట్నం దగ్గరి పెడన, కలంకారీ అద్దకం పని. కరక్కాయ నీళ్లలో ముంచి ఆరబెట్టిన బట్టను అద్దకం షెడ్డుకు చేర్చాలి, అద్దిన బట్టను ఉతుకుడుకు తీసుకెళ్లాలి, తయారైన సరుకును మచిలీపట్నంలోనో విజయవాడలోనో దుకాణాలకు ఇవ్వాలి. మూట మరీ బరువుండదు, 15 నుంచి 20 కిలోలు. కానీ వెడల్పుగా, మెత్తగా ఉంటుంది. తాడు బిగించిన కొద్దీ జారుతుంది.

ఆక్సెసరీ షాపులో దొరికేవి రెండు రకాలు. సీటు వెనక బిగించే చిన్న క్యారియర్ హెల్మెట్‌కు, టిఫిన్ డబ్బాకు సరిపోతుంది. పాల క్యాన్ల స్టాండు గట్టిదే, కాని అది చక్రానికి రెండు వైపులా కిందికి వేలాడుతుంది. క్యానుకు బురద పడితే కడుక్కోవచ్చు. అద్దకం బట్టకు పడితే ఆ తాను పోయినట్టే.

అందుకే సీటు ఎత్తుకు సరిగ్గా సమానంగా ఒక బల్లలాంటిది అనుకున్నాను. మూట సగం వెనక సీటు మీద, సగం క్యారియర్ మీద ఉంటుంది. వెడల్పు 14 అంగుళాలు, పొడవు 12. ఎత్తు సమానం చేయడమే ఇందులో అసలు కిటుకు. క్యారియర్ సీటు కన్నా పైకి ఉంటే బరువంతా వెనక్కి పోతుంది. లెక్క వేసుకుంటే తెలుస్తుంది: స్ప్లెండర్ రెండు చక్రాల ఇరుసుల మధ్య దూరం 1236 మిల్లీమీటర్లు. 20 కిలోల మూట నడిబొడ్డు వెనక ఇరుసుకు 250 మిల్లీమీటర్లు వెనక పడితే ముందు చక్రం మీద 4 కిలోల భారం తగ్గుతుంది, వెనక చక్రం మీద 24 కిలోలు పెరుగుతుంది. కాగితం మీద నాలుగు కిలోలు చిన్న సంగతే. కాలవ గట్టు మట్టిరోడ్డు మీద హ్యాండిల్ తేలిపోతుంటే చిన్నగా అనిపించదు. మూట సగం సీటు మీదికి వచ్చాక ఆ తేలిక దాదాపు పోయింది.

పైపా, రాడ్డా అన్న వాదన వెల్డింగ్ షాపులో తప్పదు. మేస్త్రీ 12 మిల్లీమీటర్ల రాడ్డు వేద్దామన్నాడు. ఇల్లు కట్టించిన ఎవరికైనా తెలిసిన సూత్రమే, మందాన్ని మందంతో హెచ్చించి 162తో భాగిస్తే మీటరు బరువు వస్తుంది. 12 రాడ్డు మీటరుకు దాదాపు 0.89 కిలో. 16 మిల్లీమీటర్ల పైపు, గోడ మందం 1.6 అయితే 0.57 కిలో. తేలికగా ఉండి కూడా వంపును పైపే బాగా తట్టుకుంటుంది. నేను పైపే తీసుకున్నాను. పైపుతో ఇబ్బంది ఒకటి ఉంది, కొసలు మూయాలి, మూసే ముందు లోపలి వేడి గాలి పోవడానికి అడుగున సన్నని రంధ్రం ఉంచాలి. ఆ రంధ్రం తరువాత కూడా పనికొస్తుంది, లోపల చేరిన తేమ అందులోంచి కారిపోతుంది.

బండి మీద చుక్క వెల్డింగు మాత్రమే పెట్టించి, క్యారియర్ విప్పి కింద పెట్టాక పూర్తి వెల్డింగు చేయించాం. ఆ చుక్కలు పెట్టేటప్పుడు కూడా బ్యాటరీ తీగలు ఊడదీయించాను. పూర్తి వెల్డింగు బండి మీదే ఎందుకు చేయించలేదంటే, పెట్రోలు ట్యాంకు పక్కన నిప్పురవ్వలు ఎగరడం ఎవరికీ మంచిది కాదు.

పట్టు రెండు చోట్ల. పైన, వెనక కూర్చున్నవాళ్లు పట్టుకోవడానికి కంపెనీ ఇచ్చిన కమ్మీ బోల్టుల దగ్గర, కింద షాకబ్జార్బర్ పైకొస నట్టు దగ్గర. కింది ఆసరా లేకుండా పై బోల్టుల మీదే నిలబెట్టిన క్యారియర్లు మా వీధిలో కొన్ని చూశాను, గుంతల రోడ్డు వాటిని ఆడించి ఆడించి కమ్మీనే వదులు చేస్తుంది. షాకబ్జార్బర్ నట్టు కింద వేసే పట్టీ 3 మిల్లీమీటర్లకు మించితే నట్టుకు మరలు చాలవు. పై బోల్టులు పట్టీ మందం మేరకు పొడవైనవి కొనాలి, తలకాయ మీద 8.8 అనే గట్టిదనం గుర్తు ఉన్నవి. నైలాన్ వలయం ఉన్న నట్లు వాడాక బిగింపు సడలడం మానేసింది.

రెండో ఏడు ఎడమవైపు ఆసరా పైపులో సన్నని గీత కనబడింది. అతుకులో కాదు, అతుకుకు ఆనుకుని. ఇలాంటి చిట్లులు సాధారణంగా అక్కడే వస్తాయి. వేడికి గుణం మారిన ఇనుము అక్కడే ఉంటుంది, ఒంటి సిలిండర్ ఇంజిన్ వణుకంతా ఆ అంచు మీదే పడుతుంది. గ్రైండర్‌తో గీతను లోతుగా తీసి మళ్లీ అతికించి, మూలకు ముక్కోణపు పట్టీ వేయించాను. రెండు ఆసరాలనూ కలుపుతూ మడ్‌గార్డు కింద అడ్డంగా ఒక రాడ్డు కూడా పడింది. పక్కలకు ఊగడం ఆగిపోయింది, తరువాత ఎక్కడా చిట్లలేదు. కొత్తగా చేయించుకునేవారు ఆ అడ్డరాడ్డు మొదటి రోజే వేయించుకోండి.

ఇక తుప్పు. కరక్కాయ పట్టించిన బట్టకు ఇనుము తగలకూడదు. అద్దకంలో నల్ల గీత వచ్చేదే అలా: తుప్పు ఇనుప ముక్కల్ని బెల్లం నీళ్లలో నానబెట్టి తీసిన ద్రావకాన్ని అచ్చుతో అద్దితే, బట్టలోని కరక్కాయ వగరుతో కలిసి నల్లబడుతుంది. తడి తగిలితే చాలు, క్యారియర్ మీది తుప్పు అదే పనిని అచ్చు లేకుండా, మనం అడగకుండా చేస్తుంది. ఉతికినా పోని మచ్చ. కాబట్టి రంగు నాకు సోకు కాదు, సరుకు భద్రత.

మొదట రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ మీద రెండు పూతల ఎనామిల్ వేశాను. ఉప్పుగాలికి, తాడు రాపిడికి ఏడాది ఆగింది. దాని మీద పాత సైకిల్ ట్యూబు చుట్టి చూశాను, కంటికి బాగుంది, రబ్బరు కింద నీరు నిలిచి ఇనుము పొరలు పొరలుగా లేచింది. తరువాత విజయవాడ ఆటోనగర్‌లో పౌడర్ కోటింగ్ చేయించాను. ఇది ఎనామిల్ కన్నా చాలా మెరుగు. కానీ బోల్టుల దగ్గర పెచ్చు ఊడితే తుప్పు పూత అడుగునే పాకుతుంది, పైకి తెలియదు. ఇప్పుడు ఏటా వానాకాలానికి ముందు ఆ అంచులు గరుకు కాగితంతో రుద్ది ప్రైమర్ పెడతాను, పైన మందపాటి పాలిథిన్ పట్టా పరిచాకే మూట వేస్తాను. స్టీలు ఎందుకు కాదని అడుగుతారు. రెయిలింగులకు వాడే 202 రకం మా గాలికి మచ్చలు పడుతుంది. తుప్పును ఇంకా బాగా తట్టుకునే 304 రకానికి ఖరీదు ఎక్కువ, ఆర్గాన్ వెల్డింగు చేసేవాళ్లు కావాలి. ఇనుము, కూలి, మొదటి రంగు కలిపి నాకు అప్పట్లో 1400 రూపాయల దాకా అయింది, 304 అయితే అందులో కూలి కూడా తేలదు.

మూట కట్టడానికి లారీ ట్యూబు కోసిన రబ్బరు పట్టీలే మేలు, కొక్కేల తాళ్లు బట్టను పీకుతాయి.

మూట ఉన్న రోజు వెనక షాకబ్జార్బర్ ఒక మెట్టు పెంచుతాను, టైరుకు ఇద్దరు కూర్చున్నప్పటి గాలి పెట్టిస్తాను. హెడ్‌లైట్ కాస్త పైకి లేస్తుంది, రాత్రి జాతీయ రహదారి మీద ఎదుటివాళ్లు తిట్టుకోకముందే దాన్ని దించాలి. బండిని సెంటర్ స్టాండు మీద నిలిపాకే మూట ఎత్తండి, సైడ్ స్టాండు మీద ఎత్తితే బండి మన మీదికే వస్తుంది.

కంపెనీ కమ్మీని గాని, చీర పడకుండా ఉండే గార్డును గాని తీసేయకండి. కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 123వ నిబంధన ప్రకారం రెండూ ఉండాలి. టెయిల్ లైటు, ఇండికేటర్లు, నంబరు ప్లేటు మూట కిందికి పోకుండా చూసుకోండి.

టీవీఎస్ ఎక్సెల్ ఉన్నవాళ్లకు ఈ తంటా అక్కరలేదు, ముందు పలక మీదే మూట పడుతుంది. మా బావమరిది అలాంటి క్యారియరే కావాలని నా కొలతలు తీసుకెళ్లాడు. అతనిది ఎక్సెలే. ఎందుకని ఇంకా అడగలేదు.