జాగ్రత్త: 2020 నాపా కాబెర్నే చౌకగా వస్తోందని పెట్టెలకు పెట్టెలు కొనకండి

కాలిఫోర్నియాలో రెడ్ వైన్ కొనే మనవాళ్ళందరూ ఇది ఒకసారి చదవండి. పోయిన నెల ఒక ఆన్‌లైన్ దుకాణంలో నాపా వ్యాలీ కాబెర్నే సావిన్యాన్ (ఆ పేరున్న నల్ల ద్రాక్షతో చేసే రెడ్ వైన్) సగం ధరకు కనపడింది. దాని కింద మంచి రేటింగు, నోరూరించే వర్ణన. మా పెళ్ళిరోజుకి అన్నయ్యవాళ్ళు, స్నేహితులు వస్తున్నారని పన్నెండు సీసాలు తెప్పించాను. ఆ రేటింగు, ఆ వర్ణన 2019 పంటవి. ఇంటికి వచ్చినవి 2020వి. సంవత్సరం మారవచ్చని పేజీ అడుగున చిన్న అక్షరాల్లో రాసి ఉందట, నేను చూడలేదు.

గ్లాసులో పోస్తే రంగు చిక్కగా, బాగానే ఉంది. మొదట నేరేడుపండు రుచే తగిలింది. మింగాక గొంతులో మొదలైంది, నీళ్ళు చల్లి ఆర్పిన పొయ్యిలోని తడి బూడిద రుచి. ఎంతసేపటికీ పోదు. జగ్గులోకి వంచి రెండు గంటలు గాలికి ఉంచినా లాభం లేకపోయింది. ఇంకో రెండు సీసాలు తీశాం, అవీ అంతే.

ఒక్క ఏడాది తేడాకి ఇంత ఎందుకంటే, కాబెర్నే బలమంతా తొక్కలోనే ఉంటుంది. చిన్న కాయ, మందమైన తొక్క. ఆ రంగు, నాలుకని పట్టే ఆ వగరు అక్కడివే. నాపాలో మార్చి, ఏప్రిల్‌లలో చిగురు వేస్తుంది. మేలో పూత, జూలై చివర్లోనో ఆగస్టులోనో కాయ రంగు తిరుగుతుంది, సెప్టెంబరు, అక్టోబరుల్లో కోత. పగటి ఎండ చక్కెరను పెంచితే రాత్రి చలి పులుపును కాపాడుతుంది. 2020లో కాయ ముదిరే సమయానికే, ఆగస్టు మధ్యలో, పిడుగులు పడి అడవులు అంటుకున్నాయి. సెప్టెంబరు 27న గ్లాస్ ఫైర్ అనే ఇంకో కార్చిచ్చు మొదలైంది. చాలా తోటల్లో కాయ ఇంకా తీగ మీదే ఉంది, వారాల తరబడి పొగలో నానింది.

పొగలోని గ్వాయకాల్ లాంటి పదార్థాలు కాయలోకి దిగి చక్కెరతో కట్టుబడిపోతాయి. అలా ఉన్నంతసేపూ వాసన రాదు. పులిసేటప్పుడు కొంత, సీసాలో ఏళ్ళ తరబడి కొంత, మన నోట్లో లాలాజలం తగిలాక కొంత విడిపోతాయి. రెడ్ వైన్‌ను తొక్కతోనే పులియబెడతారు కాబట్టి దెబ్బ దానికే ఎక్కువ. అందరికీ ఒకేలా తెలియదు కూడా. మా వదినకి మొదటి గుక్కలోనే తెలిసింది, అన్నయ్య గ్లాసు ఖాళీ చేసి ఏ తేడా లేదన్నాడు. ఓక్ పీపాల్లో ఉంచిన వైన్‌కి కూడా కొంచెం కాల్చిన వాసన ఉంటుంది, కానీ అది వెనీలాతో కలిసి తియ్యగా ఉంటుంది, గొంతులో బూడిదలా మిగలదు.

2020వన్నీ పాడని అనను. పొగ రాకముందే కోసినవాళ్ళున్నారు. ఆ ఏడాది రెడ్ వైన్ అసలు చెయ్యమని నష్టానికి సిద్ధపడిన వైనరీలు నాపాలో చాలా ఉన్నాయి, వాళ్ళ మీద నాకు నిజంగా గౌరవం. నా కోపమంతా 2019 పేరు చూపించి 2020 అంటగట్టిన దుకాణం మీదే. లేబుల్ మీద నాపా వ్యాలీ అని ఉండి సంవత్సరం వేస్తే, అందులో కనీసం 95 శాతం ఆ ఏటి ద్రాక్షే ఉండాలని అమెరికా నియమం. లేబుల్ మీద ఆ సంవత్సరం చూడకుండా కొనకండి.

దుకాణంవాళ్ళు రుచి ఎవరికి వారిదని చెప్పి డబ్బు వాపసు ఇవ్వలేదు. ఆర్డర్ మెయిల్‌లో వైన్ పేరే ఉంది, సంవత్సరం లేదు. అందుకే డబ్బు కట్టే ముందే పేజీని ఫోటో తీసి పెట్టుకోండి, ఏ సంవత్సరం పంపుతారో మెయిల్‌లో రాయించుకోండి. పెట్టె రాగానే లేబుల్ చూడండి. సంవత్సరం వేరే ఉంటే ఒక్క సీసా కూడా తెరవకుండా ఆ రోజే వాళ్ళకి రాయండి. నేను మూడు తెరిచాకే రాశాను. మిగిలిన తొమ్మిదీ గరాజ్‌లో ఉన్నాయి, కార్డు కంపెనీకి ఫిర్యాదు పెట్టాను.