మనమే వెళ్ళాలా, ఆ ఖర్చు అక్కడి సంఘానికి పంపాలా?

విదేశాల్లోని పేదల మధ్య పరిచర్య చేయాలని ఆశపడే యువత, వారిని నడిపించే కాపరులు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. పది పదిహేను మంది కలిసి రెండు వారాలు వెళ్ళి రావడం మేలా, లేక ప్రయాణానికి అయ్యే డబ్బును అక్కడి సంఘానికే పంపడం మేలా? ప్రార్థించి నిర్ణయించుకోండి అని చెబితే సరిపోదు. ప్రార్థనతో పాటు కాగితం మీద లెక్క కూడా వేయాల్సిన విషయం ఇది.

1998లో మిచ్ తుపాను హోండురస్‌ను నేలమట్టం చేశాక, ఇళ్ళు కట్టేందుకు ఉత్తర అమెరికా నుంచి ఎన్నో చర్చి బృందాలు అక్కడికి వెళ్ళాయి. ఆ దేశంలోనే నివసించిన సామాజిక శాస్త్రవేత్త కర్ట్ వెర్ బీక్ వారి పనిని పరిశీలించారు. విమాన ఛార్జీలతో కలిపితే ఒక్కో ఇంటికి బృందం పెట్టిన ఖర్చు దాదాపు 30,000 డాలర్లు. అలాంటి ఇంటినే స్థానిక క్రైస్తవ సంస్థలు 2,000 డాలర్లకు కట్టాయి. ఇల్లు ఎవరు కట్టారన్న దాన్ని బట్టి ఆ కుటుంబాల జీవితంలో చెప్పుకోదగిన తేడా ఏమీ కనబడలేదు. కాబట్టి గోడలు కట్టడం, రంగులు వేయడం, బావి తవ్వడం కోసమే అయితే డబ్బు పంపండి. అక్కడ మేస్త్రీలున్నారు, వారికి కూలి కావాలి. ఈ సంగతిలో నాకు రెండో ఆలోచన లేదు.

అయితే డబ్బు ఒక్కటే పంపి చేతులు దులుపుకోవడాన్నీ నేను సమర్థించను. యెరూషలేములోని పేద పరిశుద్ధుల కోసం పౌలు చందా పోగుచేసినప్పుడు దాన్ని తానొక్కడే మోసుకుపోలేదు. ఎవరూ తప్పు పట్టకుండా, సంఘాలు ఏర్పరచిన సహోదరులను వెంట ఉంచుకున్నాడని రెండో కొరింథీ పత్రిక ఎనిమిదో అధ్యాయంలో చదువుతాం. ఫిలిప్పీ సంఘం చెరసాలలో ఉన్న పౌలుకు కానుకను ఎపఫ్రొదితు చేతికిచ్చి పంపింది. అతడు ఆ పని కోసం ప్రాణాన్ని లెక్కచేయక, చావుకు సిద్ధమైనంత రోగి అయ్యాడు కూడా. కానుక వెళ్ళింది, దానితో మనిషీ వెళ్ళాడు. వెళ్ళినవారు కొద్దిమందే, వారు మోసుకెళ్ళింది సంఘం నమ్మకాన్ని.

నా దృష్టిలో ఈ రెండింటి మధ్య తేల్చేది ఖర్చు కాదు. అక్కడి సంఘం మనతో ‘ఈ ఏడాది రావద్దు’ అని చెప్పగలదా? మొదట చూడవలసింది ఇది. ఇచ్చే చేతికి కాదని చెప్పడం పేద సంఘానికి చాలా కష్టం. మొన్ననే సున్నం వేసిన గోడకు బృందం మళ్ళీ రంగు వేస్తానంటే వేయనిస్తారు. కోతల కాలంలో వచ్చినా పని మానుకుని అతిథులకు వండిపెడతారు, తమ పడకలు ఖాళీ చేస్తారు, నవ్వుతూ సాగనంపుతారు. ఆ నవ్వు చూసి మన రాక వారికి మేలు చేసిందనుకోవడం తేలిక. 1910లో ఎడిన్‌బరో ప్రపంచ మిషనరీ మహాసభలో, తర్వాత 1912లో దోర్నకల్ బిషప్ అయిన వి. ఎస్. అజరయ్య పాశ్చాత్య మిషనరీల ముందు ఇదే బాధను బయటపెట్టారు. మీరు పేదలకు మీ ఆస్తి పంచిపెట్టారు, కాల్చబడడానికి మీ శరీరాలను అప్పగించారు, మాకు ప్రేమ కూడా కావాలి, స్నేహితులను ఇవ్వండి అని అడిగారు. స్నేహితుడికైతే కాదని చెప్పగలం. దాతకు చెప్పలేం.

చట్టం విషయంలోనూ ఇదే కొలత పనికివస్తుంది. నేపాల్‌లో 2018 ఆగస్టు నుంచి అమలవుతున్న శిక్షాస్మృతి ప్రకారం మతం మార్పించినవారికి ఐదేళ్ళ దాకా జైలు పడవచ్చు. విదేశీయుడైతే శిక్ష ముగిశాక దేశం నుంచి పంపేస్తారు. కానీ అతణ్ణి పిలిచిన స్థానిక కాపరి ఆ ఊళ్ళోనే, అదే పోలీసుల మధ్య బతకాలి. వీధిలో నిలబడి ప్రకటించాలా వద్దా అన్నది ఆ కాపరి నిర్ణయించాలి, మన బృంద నాయకుడు కాదు.

అనాథాశ్రమాల సందర్శనను మాత్రం ఏ ప్రణాళికలోనూ పెట్టకండి. కంబోడియాలో 2005 నుంచి 2010 దాకా ఇలాంటి ఆశ్రమాలు 75 శాతం పెరిగాయి. అక్కడి పిల్లల్లో నాలుగింట దాదాపు మూడొంతుల మందికి తల్లో తండ్రో బతికే ఉన్నారు. వచ్చే విదేశీయులు, వారిచ్చే కానుకలు ఆ పెరుగుదలకు ఊతమిచ్చాయి. వారం పాటు ఎత్తుకుని ఆడించి వెళ్ళిపోయే కొత్త ముఖాల మధ్య ఆ పసివాళ్ళు మళ్ళీ మళ్ళీ విడిచిపెట్టబడతారు. ఆ డబ్బుతో బిడ్డను తల్లి దగ్గరే ఉంచి చదివించవచ్చు.

వైద్య శిబిరాలకు స్థానిక ఆసుపత్రి బాధ్యత తీసుకుంటేనే వెళ్ళండి. మందులిచ్చిన వైద్యుడు వారంలో వెళ్ళిపోతే రక్తపోటు రోగిని తర్వాత చూసేదెవరు? పాత బట్టల పెట్టెల గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, పంపవద్దు.

ఏళ్ళ తరబడి అక్కడే ఉండిపోవడం అందరికీ సాధ్యం కాదు గానీ, నాకు అన్నిటికంటే గౌరవం ఉన్న దారి అదే. 1865 నుంచి తెలుగువారి మధ్య పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, 1876–78 కరవులో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకుని ఆకలిగొన్నవారికి కూలి కల్పించారు. సహాయం కోసం విశ్వాసంలోకి రాకూడదని, ఆ పని సాగినంత కాలం బాప్తిస్మాలు ఆపారు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందింది ఆ తర్వాతే. అన్నం, సువార్త ఒకే చేతిలో ఉన్నప్పుడు రెంటినీ ఇలా విడిగా ఉంచే ఓపిక రెండు వారాల్లో రాదు.

వెళ్ళి రావడం, డబ్బు పంపడం, అక్కడే ఉండిపోవడం, ఈ మూడింటి మధ్య నేను ఎంచుకునేది ఇది: డబ్బులో ఎక్కువ భాగం స్థానిక సంఘానికి, మిగిలిన దానితో ఇద్దరో ముగ్గురో ఏటా అదే చోటికి. వారు కాస్తయినా భాష నేర్చుకోవాలి. లెక్కలు కలిసి చూడాలి, రోగుల ఇళ్ళకు కాపరితో వెళ్ళాలి, ఎక్కువగా వినాలి. పదిహేను మందిని తీసుకువెళ్ళాలన్న పట్టుదల ఉంటే, మొత్తం బడ్జెట్‌ను దాచకుండా అక్కడి కాపరికి రాయండి. ‘ఈ సొమ్ముతో మేము రావచ్చు, లేదా ఇది మీకే పంపవచ్చు, మీ సంఘ పెద్దలు ఏది కోరుకుంటారు?’ అని అడగండి. మొహమాటం లేకుండా చెప్పగలిగేలా, వారికి దగ్గరైన మూడో వ్యక్తి ద్వారా జవాబు తెప్పించుకోండి. అది వచ్చేదాకా టికెట్లు కొనకండి.